ఎవరూ వినరని చెప్పాను

పోయిన వానాకాలం డుంబ్రిగుడ వైపు ఒక కొండ ఊరికి వెళ్లాం. అక్కడికి వచ్చిపోయే ఒక ఉద్యోగి తనమీద చేసిన అఘాయిత్యం గురించి చెప్పాలని ఒకామె మా కోసం ఎదురుచూస్తోంది. తీరా వెళ్లాక నలుగురిలో నోరు విప్పలేకపోయింది. "వాట్సాప్‌లో వాయిస్ పెడతాను అక్కా, ఎవరైనా వింటారా?" అని మెల్లగా అడిగింది. నా ఫోన్ తీసి తాళం గుర్తు చూపించి, "నువ్వూ నేనూ తప్ప ఎవరూ వినరు" అని ధైర్యం చెప్పాను. ఆమె వాయిస్ పెట్టింది. దాన్ని నాకన్నా ముందు ఆమె మరిది విన్నాడు. ఫోన్ అతనిది. ఆ ఇంటికంతా ఉన్నది అదొక్కటే.

ఆ రాత్రి ఆమె తిన్న దెబ్బల్లో నా హామీకీ భాగముంది. ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం అదే.

నేను చెప్పినది సగం నిజం. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో ప్రతి సందేశమూ పంపిన ఫోన్లోనే తాళం పడి, అందుకున్న ఫోన్లోనే తెరుచుకుంటోంది. దీన్నే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటున్నారు. మధ్యలో మోసే కంపెనీ దగ్గర తాళంచెవి ఉండదు. సిగ్నల్ రూపొందించిన వాళ్ల పద్ధతే ఇందులోనూ ఉంది. నిపుణులు దాన్ని చాలాసార్లు పరీక్షించి చూశారు. కనుక దారిలో ఎవరో వింటున్నారన్న భయం చాలావరకు అక్కర్లేదు. కాని ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. గూగుల్ ఖాతాలో దాచుకునే బ్యాకప్‌కి మనం విడిగా తాళం వేసుకోవాలి, ఆ వీలు 2021లో గాని రాలేదు. ఇక రెండు చివరలా, అంటే ఫోన్ల లోపల, అంతా తెరిచే ఉంటుంది.

చివరల సంగతి మన కొండలకు కొత్తేమీ కాదు. 2020 నవంబర్‌లో ముంచింగిపుట్టు పోలీస్‌స్టేషన్‌లో నమోదైన కేసును తరువాత ఎన్.ఐ.ఎ. తీసుకుంది. 2021 మార్చి 31న రెండు తెలుగు రాష్ట్రాల్లో 31 చోట్ల సోదాలు చేసింది. హక్కుల సంఘాల వాళ్ల ఇళ్లు, స్త్రీల సంఘాల వాళ్ల ఇళ్లు అందులో ఉన్నాయి. పట్టుకెళ్లిన వస్తువుల్లో 40 సెల్‌ఫోన్లున్నాయి. ఆ కేసు మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోవడం లేదు. ఒక కార్యకర్త ఫోన్ పోయిందంటే ఆమెను నమ్మి మాట్లాడిన స్త్రీలందరి గొంతులూ దానితో పోతాయన్నదే నా గొడవ. అసలు ఫోన్ చేతికి తీసుకోవాల్సిన పనే లేదని 2019లో పెగాసస్ రుజువు చేసింది. మన దేశపు న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలతో సహా ప్రపంచంలో 1400 మంది ఫోన్లలోకి దాన్ని చొప్పించే ప్రయత్నం జరిగిందని వాట్సాపే చెప్పింది. అది తాళం జోలికి పోదు. ఫోన్లో కూర్చుని, తాళం తీశాక చదువుతుంది.

గొంతులన్నాను. కువి మాట్లాడే ఆమె గాని, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఆమె గాని మనకు రాసి పంపదు, వాయిసే పెడుతుంది. ముప్ఫై గడపల ఊళ్లో గొంతు వింటే చాలు, పేరుతో పని లేదు. మనం నివేదికలో పేరు మారుస్తాం, ఊరు తీసేస్తాం. ఆ వాయిస్ మాత్రం గ్రూపులో పదిమంది ఫోన్లలో అలాగే పడి ఉంటుంది. (మా గ్రూపులో మొన్నటిదాకా మూడేళ్ల కిందట పని మానేసిన డ్రైవర్ నంబర్ ఉంది!)

అయితే ఇంతోటి తాళం ఎందుకు, తీసేస్తే పోలేదా అనే వాళ్లతో నాకు పేచీ ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐ.టి. నిబంధనల ప్రకారం, అడిగినప్పుడు ఒక సందేశాన్ని మొదట ఎవరు పంపారో పెద్ద సంస్థలు చెప్పగలగాలి. చూపిన కారణాల్లో దేశ భద్రత ఉంది, అత్యాచారం ఉంది, పిల్లలపై లైంగిక దోపిడీ ఉంది. దీనిమీద 2021 మే నెలలో ఢిల్లీ హైకోర్టుకెక్కిన వాట్సాప్, తాళం పగలగొట్టమంటే దేశం నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో కోర్టులో చెప్పింది. కంపెనీ తన వ్యాపారం తాను చూసుకుంటోంది, దానిమీద భ్రమలేమీ లేవు. కాని మన పేరు చెప్పి తాళం తీయమంటున్నారే, వాళ్లకు వాకపల్లి గుర్తుచేయాలి.

2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఆ రోజు కూంబింగ్‌కు వెళ్లిందెవరో తెలుసుకోవడానికి ఎవరి సందేశాలూ విప్పి చూడక్కర్లేదు, అది పోలీసు శాఖకు తెలిసిన సంగతే. అయినా 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని తప్పుపట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. దర్యాప్తు చేయవలసిన వాళ్లు చేయకపోతే, ఎన్ని తాళాలు తీసి ఇస్తే మాత్రం ఏం ఒరుగుతుంది? ఆ తీసిన తాళంలోంచి మొదట వినిపించేది ఫిర్యాదు చేసిన వాళ్ల గొంతే.

ఇప్పుడు మా దగ్గర వాయిస్ పెట్టమనే ముందు కొన్ని సంగతులు అడుగుతున్నాం. ఫోన్ ఎవరిది? దాని లాక్ ఇంకెవరికి తెలుసు? ఆ వాట్సాప్‌ని ఇంకో ఫోన్‌కో కంప్యూటర్‌కో ఎవరైనా కలిపి పెట్టారా? విన్నాక గ్రూపులో వేయడం మానేశాం. సందేశాలు ఒక రోజులో వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు పెట్టుకున్నాం. ఇక్కడ నాకు ఇంకా తేలని చిక్కు ఒకటుంది. రేపు ఆమె కోర్టుకు వెళ్తానంటే ఆ వాయిసే సాక్ష్యం కావచ్చు, చెరిపేస్తే మనమే ఆమె కాళ్లు విరిచినట్టు. ఉంచాలో చెరపాలో ఆమెనే అడగాలని ప్రస్తుతానికి అనుకున్నాం. కాని అడగడానికి కూడా ఆ ఫోన్‌కే చేయాలి కదా.

డుంబ్రిగుడ ఆమె మళ్లీ వాయిస్ పెట్టలేదు. ఒక సంత రోజున పసుపు కొమ్ములు అమ్ముకుని మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోకముందే, "నీ ఫోన్ ఎక్కడుంది అక్కా?" అని అడిగింది. తీసుకెళ్లి పక్కగదిలో పెట్టి వచ్చాను. అప్పుడు చెప్పింది.