ఇంటికి ల్యాప్‌టాప్‌ను ఎన్నుకొను విధము



పిల్లల పరీక్షలు ముగిసి పైచదువుల మాట వచ్చు దినములలో మాకు చేరు జాబులలో ఒకే ప్రశ్న పలుమారు కానవచ్చుచున్నది. "పిల్లలు ల్యాప్‌టాప్ కొనుమని పట్టుబట్టుచున్నారు. ఏది కొనవలెను? ఎంత పెట్టవలెను?" అని మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల చదువరులు అడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరుగా బదులు వ్రాయుటకంటె, అందరికిని ఉపయోగపడునట్లు ఈ మాసమున ఈ విషయమునే చెప్పదలచితిమి.

మార్కాపురమునకు పలకల ఊరని పేరు. ఈ భూమిలోని రాతిని త్రవ్వి తీసి, పొరలు పొరలుగా చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్రములలో బిగించి, మనవారు దూరదేశములకు సైతము పంపిరి. కాగితము చవుకయై, రేకుపలకలును ప్లాస్టిక్ పలకలును వచ్చిన పిమ్మట ఆ వర్తకము తగ్గినది. అయినను పలకను ఎన్నుకొను తెలివి మన ఇండ్లలో నేటికిని మాసిపోలేదు. రాతిని వ్రేలితో తట్టి చూతుము. పగులులేని రాయి ఖంగుమనును. పగులున్నది బొద్దుగా పలుకును. చట్రపు మూలలు వదులుగా నున్నవేమో నొక్కి చూతుము. ఎవరి చేతికి ఏ కొలత సరిపోవునో చూచి కొందుము. అంగడివాడు ఎంత పొగడినను మన వ్రేలు చెప్పినదే మనకు ప్రమాణము. ల్యాప్‌టాప్ విషయమున మాత్రము మనము ఏమియు తట్టి చూడకయే సొమ్ము చెల్లించుచున్నాము. లోపమెల్ల అచ్చటనే యున్నది.

పలకకును ఈ యంత్రమునకును చుట్టరికము లేకపోలేదు. ఆలన్ కే అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1972లో వ్రాసిన వ్యాసమున, పిల్లలు చేతపట్టుకొని తిరుగదగిన, పుస్తకమంత కంప్యూటరు ఉండవలెనని ఊహించి, దానికి డైనాబుక్ అని పేరిడెను. 1981లో ఓస్‌బోర్న్ అను కంపెనీ వెంట తీసికొనిపోదగిన కంప్యూటరును అమ్మినప్పుడు, దాని బరువు సుమారు 11 కిలోలు. నేడు ఒకటిన్నర కిలోల బరువుగల యంత్రములు సాధారణముగా దొరకుచున్నవి. మన రాష్ట్రమున 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిరి. కావున ఇది ధనికుల వేడుక వస్తువను మాట గతించినది. ఇది గృహోపకరణము, గృహోపకరణమును ఎన్నుకొనుట గృహిణి పని.

మేమెరిగిన ఒక ఇంటి సంగతి చెప్పెదము. ఇంటి యజమాని రాతిపని చేయువారు. పెద్దవాడు దూరపు పట్టణమున ఇంజనీరింగు చదువుచున్నాడు. ఆడపిల్ల ఊరిలోనే డిగ్రీలో చేరినది. తల్లి పొదుపు సంఘమున లెక్కలు వ్రాయును. ఆమె చీటీ పాడిన సొమ్ముతో ల్యాప్‌టాప్ కొనిరి. అంగడికి తండ్రియు కుమారుడును మాత్రమే వెళ్లిరి. ఆటలకు పనికివచ్చు బరువైన యంత్రమును తెచ్చిరి. దాని బ్యాటరీ రెండు గంటలైనను నిలువదు; పంకా చప్పుడునకు ప్రక్కగదిలో నిద్రపట్టదు. సెలవులు ముగియగానే అది కుమారునితో హాస్టలునకు పోయినది. ఆడపిల్ల నేటికిని దరఖాస్తు నింపవలెనన్న నెట్ సెంటరునకు పోయి, వరుసలో నిలిచి, ప్రతిసారియు పైకము చెల్లించుచున్నది. తల్లి లెక్కలు చేతివ్రాతలోనే యున్నవి. "చీటీ నాదమ్మా, మిషను ఎవరిదో నాకే తెలవదు" అని ఆమె మాతో ననినది. ఆ యంత్రము చెడ్డది కాదు. ఆ కుమారుడును చెడ్డవాడు కాడు. ఇంటిలో ఎవరికి ఏమి పని యున్నదో ముందుగా ఎవరును అడుగలేదు, అంతియే.

కాబట్టి మేము చెప్పు మొదటి మాట ఇది: ధర చూడకముందు, అంగడికి పోకముందు, ఒక కాగితము తీసికొని మూడు గళ్లు గీయుడు. మొదటి గడిలో ఇంట దానిని వాడువారి పేర్లు, రెండవదానిలో వారి పని, మూడవదానిలో ఆ పని ఇంటనో, బయటనో, రోజుకు ఎన్ని గంటలో వ్రాయుడు. మీ పేరు వ్రాయుట మరువకుడు. పాఠములు చూచుట, వినుట మాత్రమే అయినచో ట్యాబు చాలును, ల్యాప్‌టాప్ అక్కరలేదు. వ్యాసములు వ్రాయుట, లెక్కల పట్టికలు వేయుట, దరఖాస్తులు నింపుట, కంప్యూటరుపై జరుగు ప్రవేశపరీక్షలకు అలవాటుపడుట ఉన్నచో ల్యాప్‌టాప్ కావలెను. ఒకరు ఊరు విడిచిపోవువారై, ఇంట మిగిలిన ఇద్దరికిని పని యున్నచో, ఖరీదైన ఒకదానికంటె సామాన్యమైన రెండు మేలు కావచ్చును. ఆ కాగితమే యంత్రమును ఎన్నుకొనవలెను గాని అంగడివాని నోరు కాదు.

ఇక యంత్రమును తట్టి చూచుట యెట్లో తెలిసికొందము. దీనిలోని ముఖ్యభాగములను వంటయింటి పోలికతో గ్రహింపవచ్చును. ప్రాసెసరు వంటచేయు చేయి. ర్యామ్ అను మెమొరీ వంటగట్టు; గట్టు ఇరుకైనచో ఒక గిన్నె దింపిన గాని మరియొకటి పెట్టలేము. ఎస్.ఎస్.డి. అనునది సామాను దాచు కొట్టు.

నేటి ఇంటిపనులకు మెమొరీ 8 జి.బి.కి తగ్గరాదు. ఐదారేండ్లు వాడదలచినవారును, ఇంజనీరింగు చదువువారున్నవారును 16 జి.బి. తీసికొనుట మంచిది. కొన్ని యంత్రములలో మెమొరీని పలకకే అతికివేయుదురు. తరువాత పెంచుటకు వీలుండదు. "ఇది పెంచవచ్చునా?" అని అడిగి, బదులు బిల్లు వెనుక వ్రాయించుకొనుడు. దాచుకొనుటకు 512 జి.బి. ఎస్.ఎస్.డి. చాలును. పాత సరుకులో తిరుగు పళ్లెము గల హార్డ్ డిస్కు ఉండును. దానిపై 1 టి.బి. అని పెద్ద అంకె చూపి అమ్ముదురు. అంకె పెద్దదే గాని వేగము చాల తక్కువ, కుదుపులకు చెడును. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగమేదియు లేదు. ప్రాసెసరులలో ఇంటెల్ ఐ3, ఐ5, ఏ.ఎమ్.డి. రైజెన్ 3, రైజెన్ 5 అను పేర్లు వినబడును. పేరు ఒక్కటే చాలదు. అది ఏ యేటి తరమో అడుగవలెను. పాతతరపు ఐ5 కంటె క్రొత్తతరపు ఐ3 చురుకుగా నుండుట కలదు.

తెర 14 అంగుళములైనచో మోయుటకు తేలిక, 15.6 అంగుళములైనచో కండ్లకు సుఖము. తెరపై చుక్కల లెక్క 1920 × 1080 ఉండవలెను. అంగడిలోనే ఒక తెలుగు పుట తెరపించి, మూరెడు దూరమునుండి చదివి చూడుడు. "లక్ష్మి", "శాస్త్రము" వంటి మాటలలోని వత్తులు అలుకుకొనిపోక విడివిడిగా కనబడినచో తెర మంచిది. ప్రక్కకు జరిగి చూచినను రంగు మారరాదు. అద్దమువలె మెరయు తెరకంటె మెరుపులేని తెర మన యెండవెలుతురునకు తగినది.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చూడవలసినవి మూడు: ఎండ, దుమ్ము, కరెంటు. వేసవిలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. పెక్కు ల్యాప్‌టాప్‌లకు తయారుచేయువారు చెప్పు హద్దు 35 డిగ్రీలు. కావున మధ్యాహ్నపు వేళ రేకుల కప్పు క్రింద వాడరాదు. పరుపుపై, దిండుపై పెట్టినచో అడుగున గాలి పోవు రంధ్రములు మూసికొనిపోవును. పీటపైనో బల్లపైనో పెట్టవలెను. రాతిపొడి యెగురు వీధులవారు వాడని వేళ గుడ్డసంచిలో ఉంచుట మేలు. కరెంటు పోవు ఊళ్లలో బ్యాటరీ శక్తియే ముఖ్యము. దానిని వాట్-గంటలలో చెప్పుదురు. 50 వాట్-గంటల బ్యాటరీ, యంత్రము 10 వాట్లు త్రాగుచున్నచో, 5 గంటలు నిలుచును. ఆటలయంత్రము 25 వాట్లు త్రాగినచో 2 గంటలకే అడుగంటును. ఎల్లప్పుడును ఛార్జరు తగిలించి యుంచువారు, బ్యాటరీ 80 వంతుల వద్ద ఆగు ఏర్పాటు యంత్రములో నున్నదేమో చూచి దానిని పెట్టుకొన్నచో, బ్యాటరీ ఎక్కువకాలము మన్నును.

వాడిన యంత్రమును కొనదలచినవారు ఒక సంగతి ఎరుగవలెను. విండోస్ 10 అను ఏర్పాటునకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ను స్వీకరింపలేని పాత యంత్రము ఎంత చవుక యైనను, బ్యాంకు పనులుగల ఇంటికి తగదు. క్రొత్తదానిలో విండోస్ ధర కలిసియున్నదా, వ్రాతకును లెక్కలకును ఆఫీసు కలదా, ఉన్నచో అది శాశ్వతమా, నెలదినముల రుచికా అని అడుగుడు. లేకున్నను చింతలేదు. లిబ్రె ఆఫీసు ఉచితముగా లభించును. పొదుపు సంఘపు లెక్కలకు అది చాలును. తెలుగు వ్రాయుటకు వేరుగా సొమ్ము చెల్లింపనక్కరలేదు. యూనికోడ్ తొలిరూపమునందే, అనగా 1991లోనే, తెలుగునకు స్థానము కలిగినది. ఇన్‌స్క్రిప్ట్ అను అక్షరముల అమరిక విండోస్‌లోనే యున్నది.

ఇక సొమ్ము మాట. వాయిదాలపై కొనువారు నెలకు ఎంత యని కాక, మొత్తము ఎంత యని అడుగవలెను. ఉదాహరణమునకు, 45,000 రూపాయల యంత్రమునకు నెలకు 4,200 చొప్పున 12 నెలలన్నచో 50,400 అగును. 5,400 మనకు తెలియకయే పోయినవి. వడ్డీ లేదని చెప్పినచోటను, రొక్కమిచ్చువారికి దొరకు తగ్గింపు మనకు తప్పిపోవుటయో, రుసుము పేర కొంత పోవుటయో కలదు. రొక్కపు ధరను, వాయిదాల మొత్తమును ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. జి.ఎస్.టి. 18 వంతులు ధరలో కలిసియున్నదా యనియు అడుగుడు. బిల్లులేని బేరము ఎంత చవుకయైనను బేరము కాదు. బిల్లుపై తేదీయు, అంగడి జి.ఎస్.టి. సంఖ్యయు, యంత్రపు వరుససంఖ్యయు ఉండవలెను. ఆ సంఖ్య పెట్టెమీదను యంత్రము అడుగునను ఒక్కటే యని సరిచూడవలెను. చెడినచో బాగుచేయుచోటు ఎక్కడ యనునది మనకు పెద్ద ప్రశ్న. ఒంగోలు దాక పోవలెనా? మనిషి ఇంటికే వచ్చునా? గిద్దలూరువారికి ఒంగోలుకంటె నంద్యాల దగ్గర. అచ్చట కంపెనీ కేంద్రము కలదేమో ముందే విచారించుకొనుడు. ఆన్‌లైనులో తెప్పించువారు పెట్టె విప్పుట మొదలుగా ఫోనుతో వీడియో తీసి యుంచవలెను.

మోసము జరిగినచో నోరుమూసికొని కూర్చుండనక్కరలేదు. 1915 అను సంఖ్యకు ఫోనుచేసి వినియోగదారుల సహాయమును కోరవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, అంగడి ఏ ఊర నున్నను, మనము నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షలలోపు వస్తువునకు రుసుము లేదు. కావలసినది బిల్లు, అందుచేత దానిని బియ్యపుడబ్బాలో వేయక, ఇంటి పత్రములతో దాచుడు.

కడపట ఒక మాట. యంత్రము ఇల్లు చేరిన దినముననే వాడు ప్రతివారికిని వేరువేరు ఖాతాలు ఏర్పరచుడు. ప్రధాన ఖాతా సంకేతపదము తల్లి చేతిలోను ఉండవలెను. దానిని నలుగురు తిరుగు గదిలో ఉంచుడు. ఎవరి వేళ వారికి కేటాయించి గోడపై వ్రాసి పెట్టుడు. ఆడపిల్ల వేళ అన్నగారి దయపై ఆధారపడరాదు. "నాకేమి తెలియును" అని మీరు వెనుకకు జరుగవలదు. పలకపై మొదటి అక్షరమును దిద్దునాడు మనకేమి తెలియును? చేయిపట్టి దిద్దించినవారుండిరి, నేడు మీ కుమార్తెయే మీ చేయిపట్టి దిద్దించును. పైన చెప్పిన తల్లికి ఆమె కుమార్తె ఈ మధ్య మేనమామగారి పాత యంత్రముపై లెక్కల పట్టిక వేయుట నేర్పుచున్నదట. రెండవ చీటీ పాడినప్పుడు అంగడికి తామిద్దరమే పోవుదుమని ఆమె మాకు చెప్పి పంపినది. మూడుగళ్ల కాగితము ఇప్పటికే సిద్ధముగా నున్నదట.

తెలుగు అక్షరముల అమరికను పదిదినములలో నేర్చుకొను విధమును వచ్చు మాసమున వ్రాసెదము.