మిట్ట బాటకి ఏ బ్లేడు?

పోయినేడాది కార్తీక మాసంలో మా అమ్మని మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకుంటూ గుట్ట దించాం. బాత్రూంలో జారి పడింది, తుంటి ఎముక విరిగింది. అంబులెన్స్ రాలేదా అంటే వచ్చింది. కానీ కింద తారు రోడ్డు దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి మా ఇంటికి 300 మీటర్ల గ్రావెల్ బాట. దాని నడుమ వాన నీళ్లు మోకాలి లోతు గాడి కోసేశాయి. డ్రైవరు దిగి టార్చి వేసి చూసి, "ఎక్కితే ఎక్కుతుందేమో గానీ పేషెంటుతో దిగదు సార్" అన్నాడు. అతని తప్పేం లేదు. మంచం కుదుపులకి అమ్మ ఒక్కసారి కూడా అరవలేదు. మంచం పట్టె పట్టుకున్న నా మణికట్టుని మాత్రం దారి పొడుగునా వదల్లేదు.

అందుకే ఈ వారం రాజకీయాలు లేవు, సినిమాలు లేవు. బాట గురించే. ఊరికి దూరంగా తోటలో ఇల్లు కట్టుకున్నవాళ్లు, కట్టుకోవాలని కలలు కంటున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

మాది చిత్తూరు జిల్లాలో గుట్ట వాలు మీద మామిడి తోట. బాట మొదటి నుంచి చివరికి దాదాపు 25 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. అంటే పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు మిట్ట. తోతాపురి కాయల ట్రాలీ దిగాలన్నా, అమ్మ మందులు పైకి రావాలన్నా అదొక్కటే దారి. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానల్ని మా వైపు ఎవరూ మర్చిపోరు. అప్పట్నుంచీ ఏటా ఒకటే తంతు. సంక్రాంతి అయ్యాక జేసీబీని పిలవడం, పది ట్రిప్పుల గ్రావెల్ తోలించడం, అద్దంలా చదును చేయించి మురిసిపోవడం. మళ్లీ దీపావళి వానలు దాటేసరికి ఆ గ్రావెలంతా కింద తారు రోడ్డు పక్కన కుప్పగా పడుండేది.

అమ్మకి ఆపరేషనై ఇంటికొచ్చాక తమ్ముడూ నేనూ కూర్చున్నాం. ట్రాక్టరు మాకు ఉండనే ఉంది. దాని వెనక తగిలించేది ఒకటి కొనుక్కుంటే మన బాట మనమే చూసుకోవచ్చు కదా. కానీ ఏది కొనాలి?

"కొనేదెందుకన్నా, కల్టివేటర్ ఉంది గదా. దాంతో గీకి, ఒక దుంగ కట్టి లాగితే సరిపాయె" అన్నాడు తమ్ముడు. సరే అని చేసి చూశాం. అది పొలం దున్నడానికి పుట్టిన పనిముట్టు. గట్టిపడిన బాటని పెళ్లలు పెళ్లలుగా లేపింది, అడుగునున్న బండరాళ్లని పైకి తెచ్చింది. దుంగ వాటి మీద ఎగిరెగిరి పడింది. ఆ వారం స్కూటర్ మీద ఇంటికి రావడం కన్నా నడిచి రావడమే నయం అనిపించింది.

పక్క తోట మామ, "నా బ్లేడు తీసకపో అల్లుడా" అన్నాడు. ట్రాక్టరు వెనక తగిలించే మామూలు బ్లేడు. వాటం ఏటవాలుగా మార్చుకోవచ్చు, ఒక పక్కకి వంచుకోవచ్చు. పక్క కాలవ తీయడానికి దాన్ని మించింది లేదు. కానీ ఒక చిక్కుంది. ట్రాక్టరు చక్రం గుంతలో పడితే బ్లేడూ కిందికి దిగుతుంది, చక్రం ఎక్కితే బ్లేడూ లేస్తుంది. చెయ్యి తిరిగిన డ్రైవరైతే లివరుతో సర్దుకుంటాడు. మా చేతుల్లో ఒక గుంత కాస్తా రెండు గుంతలయ్యాయి. పైగా బ్లేడుకి పక్క గోడలుండవు కాబట్టి, కిందికి జారిపోయిన గ్రావెల్‌ని పైకి లాగుదామంటే సగం పక్కలకి కారిపోయింది.

ఇలా కాదని టౌన్లో ట్రాలీలు తయారుచేసే వెల్డింగ్ షాపుకి వెళ్లాను. ఆయన నా సోదంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"వాన పడితే నీళ్లు యాడ పోతాయి సార్?"

"బాటలోనే."

"అయితే అది బాట గాదు సార్, వంక. ముందు నీళ్లకి దారి సూపీ. ఆనెక పనిముట్టు సంగతి."

ఇన్నేళ్లు జేసీబీకి పోసిన డబ్బంతా ఒక్క మాటలో తేలిపోయింది. మేం అద్దంలా చదును చేయించుకున్నదే మా కొంప ముంచింది. గ్రావెల్ బాట చదునుగా ఉండకూడదు. నడుమ ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా ఉండాలి. మా బాట వెడల్పు 10 అడుగులు. నడుమ నుంచి అంచుకి రెండున్నర అంగుళాలు దిగాలి. తాపీ మేస్త్రీల దగ్గర నీళ్ల పైపు ఉంటుంది కదా, దాంతో కొలుచుకోవచ్చు. అంచు పక్కన కాలవ. వాలు మరీ ఎక్కువున్న చోట 80 అడుగులకొకటి చొప్పున బాటకి అడ్డంగా, ఏటవాలుగా చిన్న కట్ట వేస్తే నీళ్లు వేగం పుంజుకోకముందే పక్కకి మళ్లిపోతాయి.

చివరికి ఆయన చేతే పెట్టె బ్లేడు చేయించాం. వెనకా, రెండు పక్కలా రేకు గోడలు, ముందువైపు తెరిచి ఉంటుంది, లోపల ఐదు పళ్లు. పళ్లు గట్టి నేలని గీకి వదులు చేస్తాయి, బ్లేడు కోస్తుంది, కోసిన మట్టి పెట్టెలోనే ఉండి గుంత వచ్చిన చోట తనంతట తనే దిగుతుంది. మిట్ట బాటకి అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కిందికి జారిన గ్రావెల్‌ని మళ్లీ పైకి మోసుకెళ్లొచ్చు. వెడల్పు 6 అడుగులు పెట్టించాం. వెనక టైర్ల బయటి అంచులకన్నా పెట్టె తక్కువైతే టైరు గుర్తులు మిగిలిపోతాయి. మామూలు బ్లేడుకన్నా ఖర్చు ఎక్కువే అయింది. కాలవ పనికి మాత్రం ఏడాదికోసారి మామ బ్లేడే తెచ్చుకుంటున్నాం.

వాడకంలో నేర్చుకున్న నాలుగు సంగతులు చెప్తాను. టాప్ లింక్ పొట్టి చేస్తే పళ్లు లోతుకి దిగుతాయి, పొడుగు చేస్తే పెట్టె వెనక అంచు మీద ఆని నున్నగా సర్దుతుంది. కుడి పక్క లెవెలింగ్ రాడ్డు తిప్పి పెట్టె కుడివైపుని కాస్త పైకెత్తుకుని, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మన ఎడమ అంచునే పట్టుకుని పోతే రెండు అంచులూ కోసుకుపోయి నడుమ ఎత్తు మిగులుతుంది. బరువు లాగడం ఎక్కేటప్పుడే. దిగేటప్పుడు పైపైన సర్దాలి, అంతే. ఇక వాన పడిన రెండో రోజు, నేల తడిగా ఉండి బురద లేనప్పుడు చెయ్యాలి. ఎండు నేల మీద చేస్తే దుమ్ము లేవడం తప్ప పని జరగదు.

గ్రావెల్ కూడా చూసి తోలించుకోండి. గుండ్రటి వంక రాళ్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ ఒకదాన్నొకటి పట్టుకోవు. పలుకు రాయి, ఇసక, కొంచెం బంక మట్టి కలిసిందైతేనే గట్టిపడుతుంది.

ఒకటి దాచకుండా చెప్పాలి. మార్చిలో తమ్ముడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగాడు. మడ్గార్డు మీద వాడి కొడుకు. సగం దారిలో బండి వేగం పట్టింది. బ్రేకు తొక్కితే ఒక పక్క పెడలే పడింది. రెండు పెడల్స్‌నీ కలిపే పట్టీ పొలం పనికని తీసేసి, మళ్లీ వెయ్యలేదు. బండి గుట్ట అంచు వైపు తిరిగింది. తమ్ముడికి ఎలా తోచిందో ఏమో, పెట్టెని ధబేల్మని కిందికి దించేశాడు. పళ్లు దిగబడి బండి ఆగింది. అంచుకి రెండడుగులు. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో మూడు కట్టుబాట్లు. ఎక్కినా దిగినా తక్కువ గేరే, బ్రేకు పెడల్స్ కలిపాకే బండి కదలాలి, డ్రైవరు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. ఏ పనిముట్టు కొన్నా ఈ మూడూ దాంతోపాటే కొనుక్కున్నామనుకోండి.

ఈ ఏడు వానలు గట్టిగానే పడ్డాయి. రెండు చోట్ల చిన్న గాళ్లు పడ్డాయి, పెట్టె వేసి ఒక పూటలో సర్దేశాం. గ్రావెల్ ఒక్క ట్రిప్పు కూడా తోలించలేదు.

మొన్న అమ్మని చెకప్‌కి తీసుకెళ్లడానికి కారు గుమ్మం దాకా వచ్చింది. అమ్మ చేతికర్రతో నడిచొచ్చి ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. కారు తారు రోడ్డెక్కబోతుంటే వెనక్కి తిరిగి చూసి అంది.

"ఆ పక్క కాలవలో ఆకులు తియ్యలేదేమిరా?"

ఈ ఆదివారం పని అదే.