గోల్ఫ్ పుట్టింది బంచరాయి భూమిలోనే

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సైన్యం నడిపే గోల్ఫ్ మైదానం ఉంది. ఆ పచ్చిక మీదికి రెండు మేకలను తోలుకుపోయి చూడండి, ఏం జరుగుతదో!

గోల్ఫ్ దొరల జాగాలో పుట్టిన ఆట అనుకుంటం. కాదు. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అనే ఊరి పక్కన, సముద్రపు ఒడ్డున ఇసుక నేల ఉంది. దుక్కికి పనికిరాదు. గొర్రెలు మేసేవి, పిల్లలూ పెద్దలూ ఆడుకునేవాళ్లు. అచ్చం మన బంచరాయి లెక్క. అక్కడ ఆడుకునే హక్కు ఊరి జనానిదేనని 1552లో మతపెద్ద రాతపూర్వకంగా ఒప్పుకున్నడు. 1797లో అప్పుల పాలైన పురపాలక మండలి ఆ నేలను అమ్మేసింది. కుందేళ్ల పెంపకం వ్యాపారులు దిగిండ్రు. గోల్ఫ్ ఆడేవాళ్లు ఊరుకోలేదు. 1821 దాకా కొట్లాట నడిచింది. 1894లో ఊరు తన నేలను తిరిగి తీసుకుంది. నేటికీ ఆదివారం ఆ పాత మైదానంలో ఆట బంద్. జనం హాయిగా నడుస్తరు.

అదే ఆట మన దేశానికి కంపెనీ దొరలతో వచ్చింది. 1829లో కలకత్తాలో క్లబ్బు పెట్టిండ్రు. ఊటీలో తోడా గిరిజనులు బర్రెలు మేపుకునే గడ్డి కొండల మీద కూడా గోల్ఫ్ మైదానం లేచింది. అక్కడ ఊరి హక్కు, ఇక్కడ క్లబ్బు హక్కు!

సికింద్రాబాద్ సంగతి చూడండి. 1798లో నిజాం, కంపెనీ చేసుకున్న ఒప్పందంతో ఇక్కడ కంపెనీ ఫౌజు స్థిరపడ్డది. ఆ ఒప్పందంలో పశువుల కాపరి మాట ఎక్కడుంది? అంతకుముందు 1791–92లో కారన్‌వాలిస్ సైన్యం శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు ధాన్యం మోసింది మన లంబాడీల ఎడ్లే. ఆ ఎడ్లు బతికింది ఇసుమంటి బంచరాయిల మీదనే. ఫౌజుకు తిండి మోసినోళ్ల గొడ్లకు మేత లేదు గానీ, ఫౌజు ఆటకు పచ్చిక ఉంది.

ఇది పాత కథ కాదు. దేశంలో సైన్యానికి 97 గోల్ఫ్ మైదానాలు, వాటి కింద 8,076 ఎకరాల రక్షణ భూమి ఉన్నదని 2011లో కాగ్ నివేదిక బయటపెట్టింది. కాగితాల్లో వాటి పేరు 'పర్యావరణ పార్కు, శిక్షణ ప్రాంతం'.

సైనికులకు ఆట వద్దా అని అడుగుతరు. వద్దని ఎవరన్నరు? ఆటకు వేల ఎకరాలు దొరికే దేశంలో ఆదివాసీ గొడ్లకు మాత్రం జాగా ఎందుకు దొరకదన్నదే మా ప్రశ్న. మేత భూమి మీద సామూహిక హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. అది దానం కాదు, హక్కు. గ్రామసభల్లో తీర్మానం చేయండి, దరఖాస్తు పెట్టండి. సెయింట్ ఆండ్రూస్ జనానికి ఆట కోసం దక్కిన హక్కు, మనకు బతుకు కోసం దక్కాలె.