ఫినాయిల్‌కు లొంగని దొమ్మ

నర్సంపేట: మందలో గొర్రె ఉన్నట్టుండి కూలిపోతుంది. ముక్కు నుంచి, నోటి నుంచి నల్లని రక్తం కారుతుంది. కాపరి దానిని కోసి, పనికివచ్చే మాంసాన్ని, తోలును వేరుచేసి, మిగిలినది ఊరవతల పారవేస్తాడు. రక్తం పడినచోట ఫినాయిల్ చల్లుతారు. చేతులకు డెట్టాల్ రాసుకుంటారు. కరోనా కాలం నుంచి శానిటైజర్ సీసా కూడా వీటికి తోడయింది. ఇంతటితో రోగం పీడ విరగడైనట్లేనన్న భావన పల్లెల్లో బలంగా నాటుకొని ఉంది. చనిపోయిన జీవానికి సోకినది దొమ్మ రోగమే అయితే ఈ నమ్మకం ప్రాణాల మీదకు తెచ్చేదే. వైద్యులు ఆంత్రాక్స్ అని పిలిచే ఈ రోగపు క్రిమి ఇంటి అలమరలోని సీసాలకు లొంగే రకం కాదు.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కూడా కాదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు ఈ వ్యాధితో మృత్యువాత పడటం కలకలం రేపింది. అటు విశాఖ మన్యంలో, అంటే నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా పరిధిలోని గిరిజన గ్రామాల్లో, చనిపోయిన పశువులను కోసినవారికి, ఆ మాంసం తిన్నవారికి పుండ్లు లేచి ఆస్పత్రుల పాలైన సందర్భాలు గత రెండు దశాబ్దాల్లో పలుమార్లు నమోదయ్యాయి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది ప్రథమ స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది ద్వితీయ స్థానం. రెండు రాష్ట్రాల్లో కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలున్నాయి. వాటి వెంట తిరిగే కుటుంబాలకు ఈ విషయంలో తప్పుడు ధీమా ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

క్రిమి వేరు.. బీజం వేరు

దొమ్మ క్రిమికి రెండు రూపాలున్నాయి. జంతువు రక్తంలో పెరుగుతున్నంత కాలం అది సాధారణ బాక్టీరియా మాత్రమే. ఫినాయిల్ తగిలినా, మరిగే నీరు తగిలినా చస్తుంది. కళేబరాన్ని కోయకుండా వదిలితే లోపల కుళ్లు ప్రారంభమై కొద్ది రోజుల్లోనే చాలావరకు నశిస్తుంది. అయితే కత్తిగాటు పడి రక్తం బయటకు వచ్చి గాలి సోకినప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. క్రిమి తన చుట్టూ గట్టి పొరలు కట్టుకొని బీజంగా మారిపోతుంది. పాఠ్యపుస్తకాలు దీనినే సిద్ధబీజమని, వైద్యులు స్పోర్ అని అంటారు. బీజానికి ఆహారం అక్కరలేదు, నీరు అక్కరలేదు. ఎండకు ఎండి, వానకు తడిసి, దశాబ్దాల తరబడి మట్టిలో పడి ఉండి, మేత మేసే జంతువు కడుపులో చేరిన నాడు తిరిగి మేల్కొంటుంది.

ఈ రహస్యాన్ని 1876లో లోకానికి వెల్లడించిన రాబర్ట్ కాక్ అప్పటికి పెద్ద ప్రయోగశాలలో శాస్త్రవేత్త కాదు, జర్మనీలో ఒక చిన్న పట్టణపు వైద్యుడు. ఆనాటి వైద్యులు గాయాలకు, గదులకు, పనిముట్లకు కార్బాలిక్ ఆమ్లాన్ని సర్వరోగ నివారిణిగా వాడేవారు. 1881లో కాక్ దానిని దొమ్మ బీజాలపై పరీక్షించి, సాధారణంగా వాడే మోతాదులో అది బీజాలను చంపజాలదని తేల్చారు. నేడు పశువుల పాకల్లో చల్లే నల్ల ఫినాయిల్ ఆ కార్బాలిక్ ఆమ్లపు వంశానికి చెందినదే. నూట నలభై ఏళ్ల కిందటే తేలిన సంగతి ఇంకా పల్లెకు చేరకపోవడం విచారకరం.

సీసాలో ఉన్న బలమెంత?

తెల్ల ఫినాయిల్‌దీ ఇదే కథ. డెట్టాల్, సావ్లాన్ వంటి ద్రావణాలు మామూలు సూక్ష్మక్రిములపై బాగా పనిచేసేవే అయినా బీజాల పొరను ఛేదించలేవు. శానిటైజర్‌లోని ఆల్కహాల్‌దీ అదే పరిమితి. సీసాపై రాసి ఉండే 99.9 శాతం అన్న అంకెను చూసి అన్ని క్రిములూ చస్తాయనుకోవడం పొరపాటు. ఆ లెక్క ఎంపిక చేసిన కొన్ని బాక్టీరియాలకు సంబంధించినది. అందులో దొమ్మ బీజం ఉండదు. చేతుల విషయంలో వింత ఏమిటంటే, ఖరీదైన శానిటైజర్ కన్నా సబ్బు, ధారగా పోసిన నీరే మేలు. సబ్బు బీజాన్ని చంపదు, చర్మం మీద నుంచి కడిగివేస్తుంది. చేతుల వరకు కావలసినది అదే.

ఇక మిగిలినది బ్లీచింగ్ పౌడర్. ఇంటి సరుకుల్లో బీజాలను చంపగల సత్తా ఉన్నది క్లోరిన్‌కే. అయితే దానికి షరతులున్నాయి. ద్రావణం తగినంత చిక్కగా ఉండాలి. తడి ఆరకుండా చాలాసేపు నిలవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా నేల శుభ్రంగా ఉండాలి. రక్తం, పేడ, మట్టి ఉన్నచోట క్లోరిన్ వాటితోనే కలిసి ఖర్చయిపోతుంది, బీజం దాకా చేరదు. గొర్రెల దొడ్డిలో ఉండేవి ఆ మూడే. పైగా తాజా పొడిలో మూడో వంతు వరకు ఉండే క్లోరిన్ బస్తా విప్పి నెలల తరబడి ఉంచితే ఎగిరిపోతుంది. పంచాయతీ గదిలో ఏడాదిగా మూలుగుతున్న బస్తాలో మిగిలేది దాదాపుగా సున్నమే. ఘాటు పెరుగుతుందని బ్లీచింగ్‌లో మరుగుదొడ్డి యాసిడ్ కలిపేవారూ ఉన్నారు. దానివల్ల వెలువడే విషవాయువు బీజం కన్నా ముందు మనిషిని పడగొడుతుంది.

ఒక దీవి.. నలభై ఎనిమిదేళ్లు

బీజాలతో పేచీ పెట్టుకుంటే ఎంత దూరం వెళ్లవలసి వస్తుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, స్కాట్లాండ్ తీరంలోని గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో గొర్రెలను కట్టివేసి వాటిపై దొమ్మ బీజాల బాంబులను ప్రయోగించి చూశారు. గొర్రెలు చనిపోయాయి. ప్రయోగం ముగిసింది. నేల మాత్రం విషమయమై, మనుషులు అడుగు పెట్టరాదన్న హెచ్చరిక బోర్డులు దశాబ్దాల పాటు అక్కడ నిలిచిపోయాయి. చివరకు 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీటిలో కలిపి దీవి నేలను తడిపారు. బాగా కలుషితమైనచోట పైమట్టిని తొలగించారు. ఆపై గొర్రెలను వదిలి, అవి ఆరోగ్యంగా ఉన్నాయని చూసుకొన్న తరువాత 1990లో గానీ దీవి సురక్షితమని ప్రకటించలేదు. 2001లో అమెరికాలో దుండగులు బీజాలను పొడిగా చేసి ఉత్తరాల్లో పంపినప్పుడు అయిదుగురు మరణించారు. వాషింగ్టన్‌లోని సెనెట్ కార్యాలయ భవనాన్ని శుద్ధి చేయడానికి క్లోరిన్ డయాక్సైడ్ వాయువును నింపవలసి వచ్చింది. ఆ ప్రభుత్వాలకే నెలలు, ఏళ్లు పట్టిన పని ఊరి దొడ్డిలో అరలీటరు ఫినాయిల్‌తో అయ్యేదేనా?

సున్నంతో చిక్కు

కళేబరాన్ని పూడ్చే గోతిలో సున్నం పోయడం మన ప్రాంతంలో తరతరాల ఆచారం. అనేక సూచనల్లో కూడా అదే చెబుతారు. ఇతర రోగాల సంగతి ఎలా ఉన్నా దొమ్మ విషయంలో దీనిని పునరాలోచించవలసి ఉంది. సున్నంలోని కాల్షియం బీజాలు నేలలో ఎక్కువకాలం నిలిచి ఉండటానికి తోడ్పడవచ్చునన్న అభిప్రాయంతో, దొమ్మ కళేబరాల గోతుల్లో సున్నం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు సూచించాయి. వీలైనచోట కళేబరాన్ని పూర్తిగా దహనం చేయడమే ఉత్తమం. కట్టెలు దొరకనప్పుడు ఆరడుగుల లోతు గోతిలో, చెరువులకు, వాగులకు దూరంగా, కుక్కలు తవ్వకుండా పూడ్చాలి. రక్తం పడిన పైమట్టినీ అందులోనే వేయాలి. ఇప్పటికే వాడిన కత్తులు ఉంటే వాటిని కడిగి పెట్టడం చాలదు, నీటిలో ముంచి మూతపెట్టి అరగంటకు తగ్గకుండా మరిగించాలి.

కోయకుండా ఉండాలంటే..

కోయకుంటే బీజం చాలావరకు ఏర్పడదు. ఇంత సులువైన ఉపాయం అమలు కాకపోవడానికి కారణం అజ్ఞానం ఒక్కటే కాదు. గొర్రె అంటే కాపరికి వేల రూపాయల ఆస్తి. అప్పు తెచ్చి కొన్న జీవం చనిపోతే మాంసం, తోలు అమ్మి వచ్చినంత రాబట్టుకోవాలని చూస్తాడు. తక్కువ ధరకు వస్తోందని కొనేవారు కూడా పేదలే. ఖాళీ చేతులతో పూడ్చిరమ్మని చెప్పే కరపత్రం అతని ఆకలి ముందు నిలవదు. బీమా ఉన్నచోట కూడా పోస్టుమార్టం నివేదిక అడిగితే మరో చిక్కు. దొమ్మ అనుమానం ఉన్న కళేబరాన్ని పశువైద్యుడు కోయరాదు. చెవి అంచు నుంచి తీసిన రక్తపు చుక్కను పరీక్షించి నిర్ధారిస్తారు. ఆ పరీక్ష ఫలితాన్నే పరిహారానికి ఆధారంగా అంగీకరిస్తే కత్తి దానంతట అదే ఒరలోకి వెళుతుంది. పరిహారానికి వెచ్చించే సొమ్ము, రోగం వ్యాపించాక గ్రామంలో శిబిరాలు పెట్టేందుకు అయ్యే వ్యయం కన్నా ఎక్కువేమీ కాబోదు.

బీజాన్ని చంపలేనప్పుడు శరీరాన్ని సిద్ధం చేయడమే మార్గమని ధనుర్వాతం విషయంలో రుజువయింది. ఆ రోగపు బీజాలు కూడా మట్టిలో, పేడలో ఉండేవే. వాటిని ఏ మందూ నేల నుంచి తుడిచివేయలేదు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పు, బొడ్డుకోతలో జాగ్రత్తలతో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని అదుపు చేసి, 2015లో దేశం నిర్మూలన స్థాయికి చేరింది. దొమ్మకు కూడా 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ రూపొందించిన టీకా ఉంది. రోగం గతంలో కనిపించిన గ్రామాల్లో ఏటా, ముప్పు కాలానికి ముందే మందలకు వేయించాలి. అది సజీవ బీజాలతో చేసిన టీకా కనుక, వేసే రోజుల్లో జీవాలకు యాంటిబయాటిక్ మందులు ఇస్తే టీకా వృథా అవుతుంది. ఈ సంగతి తెలియక రెండూ ఒకేసారి వేయించే కాపరులు ఉన్నారు.

చనిపోయిన జీవాన్ని ఇప్పటికే తాకినవారు కొద్ది రోజుల పాటు చేతులు, ముఖం గమనించుకోవాలి. దురద పొక్కుగా మొదలై, నీరు పట్టి, మధ్యలో నల్లని పెచ్చు కట్టి, చుట్టూ వాపు ఉండి, నొప్పి మాత్రం లేకుండా ఉంటే అది దొమ్మ పుండు కావచ్చు. నొప్పి లేదు కదా అని పసరు కట్టి కూర్చోవడమే ఇక్కడ జరుగుతున్న పొరపాటు. చికిత్స లేకుంటే ఇలాంటివారిలో నూటికి ఇరవై మంది వరకు చనిపోయే ప్రమాదం ఉంది. తొలిదశలో పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులతో దాదాపు అందరూ కోలుకుంటారు. ఆస్పత్రికి వెళ్లినప్పుడు పుండు చూపడంతో పాటు, గొర్రె చనిపోయిన సంగతి, దానిని కోసిన సంగతి వైద్యునికి దాచకుండా చెప్పాలి.