గృహోపకరణములు: కంప్యూటరును శుద్ధిచేయుటకు ముందు



ఇంటికి వెల్ల వేయించునపుడు గోడలపైనున్న పటములను దించి, పెట్టెలను, పాత్రలను ముంగిటికిఁ జేర్చిన పిదపనే పనివారిని లోనికిఁ బిలుచుట మనయిండ్లలో నాచారము. కంప్యూటరు విషయమున మాత్రము చదువుకొన్నవారు సైతము ఈ చిన్న జాగ్రత్తను మఱచుచున్నారు.

సికింద్రాబాదు మారేడుపల్లినుండి యొక సోదరి యీ మాసమున మాకిట్లు వ్రాసినది. వారి యింటి కంప్యూటరు మిక్కిలి మందగించినది. దానిలో నున్నది విండోస్ 10. పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరునకుఁ గొనిపోయి చూపింపఁగా, “అంతయు ఫార్మాటు చేసి విండోస్ మరల వేయవలెను” అని చెప్పిరఁట. అందులో గతించిన తల్లిగారి ఫొటోలును, ఆమె చెప్పుచుండఁగాఁ దాను తెలుగునఁ టైపు చేసికొన్న వంటల విధానములును, నోముల కథలును గలవు. “ఇవి నిలుచునా? పోవునా? నేనేమి చేయవలెను?” అని యామె ప్రశ్న.

ప్రశ్న యొకరిదైనను అవసరము పలువురిది. విండోస్ 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. ఆ కారణమున ఎందఱో గృహస్థులు విండోస్ 11 నకో, లినక్సునకో మాఱుచున్నారు. కావున ఈ విషయమును కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

ఆపరేటింగు సిస్టమనునది యంత్రమునకు గుమాస్తా వంటిది. మన యాజ్ఞలను యంత్రమునకుఁ దెలుపునదియు, మన వ్రాతలను, చిత్రములను ఏ చోట నుంచినదో గుర్తుంచుకొనునదియు అదియే. ఫార్మాటు చేయుట యనఁగా ఆ గుర్తులపట్టికను తుడిచివేయుట. పాత హార్డుడిస్కులో నొకప్పుడు నిపుణులు పోయినదానిలోఁ గొంత వెలికిఁ దీయఁగలరు. నేఁటి ఎస్‌ఎస్‌డీలలో నా యాశయు మిక్కిలి తక్కువ. విండోస్‌ను మరల వేయించుకొనవచ్చును. తల్లి చిత్రమును మరల తీయించుకొనలేము. ఈ భేదము నెఱిఁగినచోఁ దక్కిన పని తేలిక.

మొదట మన వస్తువులెచ్చట నున్నవో చూచుకొనవలెను. డెస్క్‌టాపు, డాక్యుమెంట్సు, డౌన్‌లోడ్సు, పిక్చర్సు అను నఱలు సాధారణముగా సి డ్రైవునందే యుండును. విండోస్ నివాసమును అదియే. “నావి డి డ్రైవులో నున్నవి, భయము లేదు” అని కొందఱందురు. సి, డి యనునవి పెక్కు యంత్రములలో నొకే డిస్కునకుఁ జేసిన రెండు భాగములు. పనివాఁడు పొరపాటున వేఱొక భాగమును ఎంచుకొన్నను, డిస్కే చెడినను, రెండవదియుఁ బోవును. పద్దులు వ్రాయు ప్రోగ్రాములు కొన్ని తమ లెక్కలను డాక్యుమెంట్సునందుఁ గాక వేఱుచోట దాఁచును. ఆ ప్రోగ్రాములోనే బ్యాకప్పు తీసికొనుట మేలు. బ్రౌజరునందు దాఁచిన పాస్‌వర్డులను, బుక్‌మార్కులను గూడ మఱవరాదు.

తెలుగువారమైన మనకు మఱియొక చిక్కు గలదు. అను వంటి పాత పద్ధతి ఫాంట్లతోఁ టైపు చేసిన వ్రాతలు కంప్యూటరునకుఁ దెలుఁగు కావు. లోపల నున్నవి ఇంగ్లీషు అక్షరములకుఁ జెందిన సంకేతములే. ఫాంటు వానిపైఁ దెలుఁగు రూపమును దొడుగుచున్నది. విండోస్‌ను క్రొత్తగా వేసిన పిదప ఆ ఫాంటు లేకున్నచో, ఫైలు భద్రముగా నున్నను, తెఱచి చూడఁగా నర్థములేని గీఁతలు, గుర్తులు మాత్రమే కనఁబడును. తల్లి మాటలు పెట్టెలోనే యుండును గాని చదువ వీలుండదు! కావున వ్రాతలతోపాటు ఆ ఫాంట్లను గూడ నకలు తీయవలెను. ప్రతి ముఖ్యమైన వ్రాతను, ఫాంటు పనిచేయుచుండఁగనే, పీడీఎఫ్ రూపమున నొకసారి దాఁచవలెను. తీఱికగా వానిని యూనికోడునకు మార్పించుకొనుట శాశ్వతమైన మార్గము. యూనికోడునఁ దెలుఁగునకు 1991 లోనే స్థానము లభించినది. ఆ పద్ధతిలో వ్రాసినది ఏ యంత్రమునందైనను దెలుఁగుగానే చదువఁబడును.

ఇఁక నకలు తీయు విధము. మూఁడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, అందొకటి యింటికి వెలుపల: ఇది నిపుణులు చెప్పు సూత్రము. కంప్యూటరులోని దొకటి, బయటి హార్డుడిస్కునం దొకటి, గూగుల్ డ్రైవు వంటి చోటనో, పుట్టినింట నుంచిన మఱియొక డిస్కునందో యొకటి యున్నఁ జాలును. ఫార్మాటు చేయునపుడు కంప్యూటరులోని ప్రతి యెట్లును బోవును గనుక తక్కిన రెండును అంతకు ముందే సిద్ధముగా నుండవలెను.

నకలు తీసినంతమాత్రమునఁ బని ముగియదు. బ్రౌను దొర (1798-1884) కడపలోఁ బండితులను, లేఖకులను నియమించి తాళపత్ర గ్రంథములకుఁ బ్రతులు వ్రాయించి, యొక ప్రతిని మఱియొక దానితో సరిపోల్చి చూపించుచుండెను. సరిచూడని ప్రతిని నమ్మరాదని ఆయన యెఱుఁగును. మనమును అట్లే హార్డుడిస్కును బంధువులదో, పొరుగువారిదో వేఱొక కంప్యూటరునకుఁ దగిలించి, పది ఫొటోలను, నాలుగు వ్రాతలను, ఒక వీడియోను తెఱచి చూడవలెను. ఫైలు పేరు కనఁబడుట వేఱు, ఫైలు తెఱచుకొనుట వేఱు. మూత చూచి ఆవకాయ బాగున్నదనరాదు గదా!

మఱి కొన్ని చిన్న విషయములు. కొన్ని యంత్రములలో బిట్‌లాకరను తాళము మనకుఁ దెలియకయే వేయఁబడియుండును. దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి యుంచుకొనుఁడు. విండోస్ వేయుటకై కనీసము 8 జీబీల పెన్‌డ్రైవు కావలెను. దానిని సిద్ధపఱచునపుడు అందలి వస్తువులన్నియుఁ దుడిచివేయఁబడును, కావున ఫొటోలున్న పెన్‌డ్రైవును ఆ పనికి ఈయకుఁడు. సెట్టింగ్సులోని రీసెట్టు అను మార్గమున రెండు త్రోవలుండును. మన ఫైళ్లను నిలుపునది యొకటి. అన్నిటిని దీసివేయునది మఱియొకటి. మొదటి త్రోవలోను మనము వేసికొన్న ప్రోగ్రాములు పోవును. అందుచే నేది యెంచుకొన్నను నకలు తప్పదు.

దుకాణమునకు యంత్రము నిచ్చునపుడు “అంతా చూచి చేయుఁడు” అని యూరకుండక, ఏ భాగమును తుడువవలెనో, దేనిని ముట్టరాదో కాగితముపై వ్రాసి యిండు. నకలున్న హార్డుడిస్కును యంత్రముతోఁ బంపక యింటనే యుంచుఁడు. పని ముగిసి తిరిగి వచ్చిన పిదప వస్తువులన్నిటిని యథాస్థానమునఁ జేర్చి, ఒక మాసము గడచువఱకు ఆ నకలునుండి దేనిని దుడువకుఁడు.

మారేడుపల్లి సోదరికి మా ప్రత్యుత్తర మిది: నకలు తీసి సరిచూచుకొన్నచో మీ తల్లిగారి ఫొటోలును, మాటలును నిలుచును, లేనిచో నిలుచునని యెవరును హామీ యీయలేరు. ఈ పనికి నొక సెలవు దినము చాలును. “చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లు” అనిపించుకొనక, ప్రతి గృహిణియు నెల కొకపర్యాయము, సరకుల పట్టీ వ్రాసికొనునాఁడే, ఈ నకలు తీయు పనిని గూడఁ బెట్టుకొనవలెనని మా మనవి.