భీమిలి సమాధుల మధ్య



విశాఖపట్నమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరములో, గోస్తనీ నది సముద్రములో కలియుచోట భీమిలి ఉన్నది. 17వ శతాబ్దములో డచ్చివారు వర్తకమునకై ఇక్కడికి వచ్చిరి. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. 1861లో మున్సిపాలిటీ అయినది. నేడు మహా విశాఖ నగరములో భాగము. తోటలు ప్లాట్లగుచున్నవి.

డచ్చివారి సమాధుల మధ్య మేము నిలిచితిమి. లాభము వెదకుచు వచ్చినవారికి చివరకు మిగిలినది ఆరడుగుల నేలే!

పట్నము మన పొలముగట్టు వరకు వచ్చుచున్నది. ఎకరా అమ్మిన సొమ్ము పంచుకొనలేక కోర్టుకెక్కిన అన్నదమ్ములను, ఆగిపోయిన కుటుంబ ప్రార్థనలను మేమెరుగుదుము. అమ్మవలసివస్తే ముందు అందరు కలిసి మోకాళ్లూనుడి. ఆడబిడ్డల భాగము మరువకుడి. నేల చేజారినను సహోదరుడు చేజారకూడదు.