గట్టున తంగేడును బ్రతుకనిండు



భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూలు మొదలు సద్దుల వరకు తొమ్మిది దినములు మన ఆడబిడ్డలు బతుకమ్మను పేర్చుదురు. ఆ పేర్పునకు గునుగు, తంగేడు ముఖ్యములు. 2014వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము తంగేడును రాష్ట్ర పుష్పముగా ప్రకటించినది. అయినను తమ ఊరి పొలిమేరలో ఆ పువ్వు దొరకక బజారున కొని తెచ్చుకొనువారు నేడు కలరు.

కారణమును దూరమున వెదుకనక్కరలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదలిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో చెలకలనేకము తరి పొలములైనవి. మనకు అన్నము పెట్టిన ఆ మార్పును తప్పు పట్టరాదు. కాని మిగిలిన గట్లను, దిబ్బలను, బాటల అంచులను సైతము గడ్డిమందు కొట్టియు, నిప్పు పెట్టియు బోడి చేయుట ఏ లాభమునకు? కలుపను నెపమున తంగేడును చంపుట రైతునకే నష్టమని నా అభిప్రాయము.

మన పెద్దలు తంగేడాకును దమ్ములో త్రొక్కించి పచ్చి ఎరువుగా వాడిరి. జీలుగ, జనుములవలె ఇది వేళ్ల బుడిపెలలో నత్రజనిని కూర్చునది కాదు. దీని విలువయంతయు ఆకుననే యున్నది. కాని వానికి ఏటేట విత్తనము కొనవలయును, మడి విడువవలయును. తంగేడును ఒకసారి పెంచిన చాలును. ఏటేట ఆకు కోసికొనవచ్చును. పశువులు దీనిని అంతగా ముట్టవు.

రెండవ లాభము కంటికి కనబడునది కాదు. తంగేడు పువ్వున తేనె లేదు, పుప్పొడియే కలదు. ఆ పుప్పొడి కేసరముల కొనయందలి సన్నని రంధ్రములలో దాగియుండును. తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుమ్మని అదరించినప్పుడది రాలును. వంగ, టమాటా పూవుల కట్టడియు ఇట్టిదే. కావున తంగేడు మేపిన తుమ్మెదయే మన కూరగాయల తోటలలోను పని చేయును.

పొదలున్నచో ఎలుకలు చేరునని కొందరందురు. ఆ భయము నిరాధారము కాదు. అందుచేత వరిమడుల నడుమ సన్నని గట్లపై దీనిని పెంచవలదు. నీరు నిలుచు చోటు దీనికిని సరిపడదు. సూర్యాపేట వైపు ఎఱ్ఱ చెలకల సరిహద్దులు, బావి దరులు, బండ్లబాటల అంచులు దీనికి తగిన తావులు. పురుగు విషయమై భయపడ పనిలేదు. దీని ఆకు తిను గొంగళులు లేతవన్నె సీతాకోకచిలుకలగును. అవి వరిని, ప్రత్తిని ముట్టవు.

పెంచు విధము సులభము. ఎండిన కాయలను కోసి గింజలు తీయవలయును. గింజ పైపొర గట్టిది గనుక వేడినీరు పోసి ఒక రాత్రి నాననిచ్చి, మృగశిర కార్తె వానలకు రెండు మూరల ఎడమున విత్తి, పైపైన మన్ను కప్పవలయును. మొదటి యేడు కోయరాదు. పిదప ఆకు కొరకు ఆషాఢమున సగము పొదలను మాత్రమే కోసి, తక్కిన సగమును పూతకు విడువవలయును.

ఈ పనికి ధనము కంటె పూనిక ముఖ్యము. సభ్యులొక్కొక్కరు ఇరువది పొదలను కాపాడుటకు పూనుకొనవలయును. మన సంఘము ఎండుకాయలను సేకరించి తొలకరికి విత్తనమును ఉచితముగా పంచవలయును. రానున్న సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి తీర్మానింప ప్రార్థన.